తప్పు రేకులది కాదు

సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నా నోటి వెంట వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "ఎట్ల?" అని అడిగాను.

మీరు వేరే జిల్లా వాళ్లయితే ఇది మోటుగా అనిపించవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నడుమ పుట్టి పెరిగిన నా వయసు వాళ్లకు ఇది అలవాటు. చావు కబురు వస్తే ఎప్పుడు, ఎక్కడ అన్నవి తర్వాత. ముందు ఎట్లా పోయారో తెలియాలి. ఆ జవాబును బట్టే వీధి తలుపు తీసి ఉంచాలా, గడియ వేసుకోవాలా, బడికి పోయిన పిల్లలను ఇంటికి పిలిపించుకోవాలా అన్నది తేలేది. ఇప్పుడు ఆ ఫ్యాక్షను రోజులు చాలావరకు పోయాయి. నా నాలుకకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు.

"నిద్రలోనేమ్మా," అన్నారు సారు భార్య. "పొద్దున కాఫీ కలిపి లేపితే లేయల్యా. మొగం చూస్తే ఏదో లెక్క చేస్తాండే మాదిరే ఉండాది."

డెబ్బయి ఎనిమిదేళ్లు. సొంత ఇల్లు, సొంత మంచం, నిద్ర. నాకు ఏడుపు కంటే ముందు ఊపిరి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఆ తర్వాత కూర్చుని బాగా ఏడ్చాను.

ఆయన మా బడిలో లెక్కల సారు. నేను అక్కడే జీవశాస్త్రం చెప్పేదాన్ని. పులివెందుల దాటి ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉండని నాకు మొదటి ఉద్యోగం జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఒక ఊళ్లో వచ్చింది. ఊరి పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరు ఫోను చేసి మా వీధి గురించి తప్పు రాశావంటారు. ఆ ఊరికి రెండు వీధులు, ఎగువ వీధి, దిగువ వీధి. రెండింటికీ రెండు పార్టీలు. ఎగువ వీధి వాళ్లు పాత పార్టీ వదిలి కొత్త పార్టీలో చేరితే, తెల్లారేసరికి దిగువ వీధి వాళ్లు వీళ్లు వదిలిన పార్టీ జెండా కట్టేవాళ్లు. పార్టీలు మారేవి గానీ వీధులు మారేవి కావు. నేను చేరడానికి నాలుగేళ్ల ముందు బోరింగు కాడ మాటా మాటా పెరిగి వీధికొక మనిషి చచ్చిపోయారట. బడి నెలన్నర తెరవలేదట.

సారుది జమ్మలమడుగు. మిషను దొరల కాలం నుంచి క్రైస్తవులు. తాతా తండ్రీ ఇద్దరూ బడిపంతుళ్లే. రోజూ పొద్దున బస్సులో వచ్చేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, ఒక పొట్లంలో వేయించిన చెనిక్కాయలు, అదే వేరుశనగలు. రెండూ ఒకే జేబులో కాబట్టి ఆయన పెట్టే చెనిక్కాయలకు సుద్ద అంటుకుని ఉండేది. వద్దంటే ఊరుకునేవారు కాదు. "కాల్షియం తల్లీ, నీ సబ్జెక్టే గదా, తిను," అనేవారు.

ఆ ఏడాది మా బడికి ఐదు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని నడిపే ప్రోగ్రాము లినక్స్. అందరికీ అలవాటైన కంప్యూటర్ల లాగా లేదని మిగతా వాళ్లు వాటి మీద పాత దుప్పట్లు కప్పేశారు. సారు మాత్రం ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చుకుని దుప్పట్లు తీశారు. ఏ కమాండు కొట్టాలన్నా ముందు ఆ బుక్కులో రాసేవారు. దాని కింద అది ఏం చేస్తుందో, తాను ఏం తప్పు చేశారో తెలుగులో రాసేవారు. కొట్టిన తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదకు జరిపి, తెర మీది అక్షరాలను వేలితో తడుముతూ చదివి, అప్పుడు ఎంటర్ నొక్కేవారు. నాకు అంత ఓపిక ఏది? టపటపా కొట్టేసేదాన్ని.

"కొట్టినాక ఎనక్కి తీసుకునే మీట లేదు తల్లీ. ఎంటర్ కొట్టే ముందు ఒక తూరి చదువుకో," అనేవారు.

మా అమ్మ చిన్నప్పటి నుంచీ నన్ను నోరు మంచిదైతే ఊరు మంచిదని దెప్పేది. నా నోరు చెడ్డది కాదు. తొందర ఎక్కువ, అంతే. ఆ తొందరే ఒకసారి ఊరి మీదకు ముప్పు తేబోయింది. ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. సారు పోయాక కూడా దాచుకుంటే నేను మనిషినే కాదు.

బడికి ఇంటర్నెట్ కావాలి. స్కాలర్‌షిప్పు కాగితాలన్నీ కంప్యూటర్లోనే పంపాలనే రోజులు మొదలయ్యాయి. ఒక్కో ఆడపిల్ల, వెంట వాళ్ల నాయన, కూలి మానుకుని ప్రొద్దుటూరు పోయి రావాల్సి వచ్చేది. టెలిఫోను స్తంభాలు దిగువ వీధి దాకానే ఉన్నాయి. అక్కడి నుంచి బడికి రెండుసార్లు తీగ లాగారు. రెండుసార్లూ తెల్లారేసరికి తెగిపోయింది. ఎవరు కోశారో ఎవరికీ తెలియదు, అందరికీ తెలుసు. మూడోసారి లైనుమన్ను నిచ్చెన తెమ్మంటే దండం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు సారుకు చర్చి గుర్తొచ్చింది. అది రెండు వీధుల నడుమ ఉంటుంది. దాని గోడ మీద ఏ పార్టీ వాళ్లూ రంగు పూయరు, దానికి వచ్చే టెలిఫోను తీగను ఎవరూ కోయరు. ఇంటర్నెట్ పెట్టెను పాస్టరు గారి గదిలో పెట్టించి, బడి కంప్యూటరుకు తీగ లేకుండా గాలిలో సిగ్నలు పట్టే యూఎస్‌బీ అడాప్టరు ఒకటి ప్రొద్దుటూరులో కొనుక్కొచ్చారు. బొటనవేలంత ఉంది, చిన్న తోక ఉంది. ఒక గురువారం మధ్యాహ్నం దాన్ని పొడుగాటి వైరుతో కిటికీ ఊచకు కట్టి, తోకను చర్చి వైపు తిప్పారు.

ఏమీ కాలేదు. కనీసం దాని మీది దీపం కూడా వెలగలేదు. సారు ఏదో కమాండు కొట్టి, అడాప్టరు పేరు తెర మీద కనబడగానే, "హాజరు పట్టీలో పేరుండాది, మనిషి మాత్రం బడికి రాల్యా," అన్నారు.

సరిగ్గా ఆ వారమే దిగువ వీధి పెద్దాయన చర్చికీ బడికీ నడుమనున్న తన దొడ్లో ఎనుములకు, మీరు గేదెలంటారు, రేకుల కొట్టం వేయించాడు. కిటికీలోంచి చూస్తే ఆ కొత్త రేకులు ఎండకు కళ్లు చెదిరేట్టు మెరుస్తున్నాయి. నా తొందర నోరు ఊరుకుందా?

"ఆ రేకులు చూడండి సార్. సిగ్నలు రాకుండా కావాలనే అడ్డం పెట్టినట్టుండారు," అనేశాను.

సారు తల తిప్పి నన్ను చూశారు. తర్వాత గుమ్మం వైపు చూశారు. అక్కడ మా అటెండరు కుండలో నీళ్లు పోస్తున్నాడు. అతనిది ఎగువ వీధి.

మరుసటి రోజు ప్రార్థన బెల్లు కొట్టకముందే బడి కమిటీ చైర్మను వచ్చాడు. ఎగువ వీధిలో ఆయన మాటకు ఎదురు లేదు. వెనకాల నలుగురు మనుషులు. వాళ్లు బడి గేటు కాడే ఆగిపోయారు గానీ, ఆగిన తీరు నాకు నచ్చలేదు.

"ఏం సారూ, నెట్టు రాకుండా వాళ్లు రేకులు కొట్టినారంట గదా? సారోళ్లే చెప్పినారని ఇన్న్యా."

అన్నది నేనని చెప్పాలనే ఉంది, నోరు లేస్తే గదా! సారు కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చారు.

"ఇంగా జబ్బేందో తేలల్యాప్పా. తేలకుండా మందెట్ల రాసేది?"

"మందు మా కాడ ఉండాదిలే. ఒక్క పూటలో దించేస్తాం రేకులు."

"నాకు ఆదివారం సాయంత్రం దాకా ఇడ్సిపెట్టు. రేకులే అడ్డమైతే నేనే పోయి పెద్దాయన్ను అడుగుతా."

చైర్మను గేటు కాడి మనుషుల వైపు ఒకసారి చూశాడు. "సరే, నీ మాట మీద ఆదివారం పొద్దు మునిగేదాకా ఆగుతా. ఆ పైన నువ్వు చెప్పినా ఇనను," అని వెళ్లిపోయాడు.

మీకు ఇది అడాప్టరు గొడవ అనిపిస్తుందేమో. అది పనిచేయకపోతే మాకేమీ నష్టం లేదు. కాగితాలు ఎప్పటిలాగే ప్రొద్దుటూరు పోయి పంపుకునేవాళ్లం. కానీ ఆదివారం సాయంత్రం ఆ రేకుల మీద చెయ్యి పడితే అవతల వాళ్లు ఊరుకోరు. శనివారం పొద్దున్నుంచే ఎగువ వీధిలో ఆడవాళ్లు చిన్నపిల్లలను చంకనేసుకుని పుట్టిళ్లకు బస్సెక్కడం మొదలైంది. నా తరగతి పిల్లలు సగం మంది రాలేదు. హాజరు పట్టీ ముందు పెట్టుకుని, లేని పేర్లకు ఎదురుగా ఒక్కొక్కటే గుర్తు పెట్టాను. నేను అన్న ఒక్క మాటకు ఇంతా?

సారు మాత్రం ప్రొద్దుటూరుకు తిరుగుతున్నారు. అడాప్టరుతో వచ్చిన సీడీ వేరే రకం కంప్యూటర్లకే పనికొస్తుందట. దీనికి లినక్స్ భాష తెలిసిన డ్రైవరు కావాలి. డ్రైవరంటే కంప్యూటరుకూ పరికరానికీ నడుమ మాట చేరవేసే దుబాసీ అని ఆయనే చెప్పారు. దాన్ని నెట్టులోంచి తెచ్చుకోవాలి. నెట్టు కావాలంటే ఆ డ్రైవరు ఉండాలి. "గాదె లోపల తాళంచెయ్యి పెట్టి గాదెకు తాళమేసినట్టుండాది," అని నవ్వి, శుక్రవారం ప్రొద్దుటూరు నెట్ సెంటరుకు పోయి పెన్ డ్రైవులో తెచ్చారు. తీరా ఎక్కించబోతే కంప్యూటరు ఇంకో ప్రోగ్రాముల మూట కూడా ఉంటే గానీ కుదరదంది. శనివారం మళ్లీ పోయి ఆ మూటా తెచ్చారు. ఈసారి డ్రైవరు ఏ తప్పూ చూపకుండా ఎక్కింది. దీపం మాత్రం వెలగలేదు.

ఆదివారం ఆరాధన అయిపోగానే సారు మా అటెండరుతో బడి కంప్యూటరును తోపుడు బండి మీదకు ఎక్కించారు. తెర, పెట్టె, కీబోర్డు అన్నీ. నన్ను పక్కన నడుస్తూ తెర పట్టుకోమన్నారు. బండి కదిలింది. రెండు వీధుల జనమూ అరుగుల మీదికొచ్చి చూస్తున్నారు. దిగువ వీధి పెద్దాయన తన దొడ్డి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఏంది సారూ, పెట్టెకు బాప్తిస్మం ఇప్పిస్తాండావా?"

"ముందు జబ్బేందో చూడాలప్పా, ఆనెక బాప్తిస్మం," అన్నారు సారు. జనం నవ్వారు. మూడు రోజుల తర్వాత ఆ ఊళ్లో నేను నవ్వు విన్నది అప్పుడే.

చైర్మనునూ చర్చికి పిలిపించారు. పాస్టరు గారి గదిలో ఇంటర్నెట్ పెట్టె పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర, కంప్యూటరు పెట్టి అడాప్టరు గుచ్చారు. దీపం వెలగలేదు.

"చూడప్పా, పెట్టె ఈడ ఉండాది, ఇది ఈడ ఉండాది. నడుమ రేకులు యాడుండాయి?"

చైర్మను వంగి చూశాడు. బల్ల కింద కూడా చూశాడు, నిజంగానే. "అయితే?" అన్నాడు.

"అయితే తప్పు రేకులది కాదు. మన పెట్టెలోనే ఉండాది."

ఆ ఊళ్లో తప్పు మన వైపు ఉందని ఒక మనిషి పైకి అనడం, ఇంకో మనిషి దాన్ని నిలబడి వినడం నేను అంతకు ముందు చూడలేదు.

మిగిలింది దీపం వెలిగించడం. సారు కళ్లద్దాలు పైకి జరిపి, నోటుబుక్కు తిరగేసి, తెర మీద ఏవేవో వరుసలు వేలితో చదువుకుంటూ పోయారు. ఒక చోట వేలు ఆగింది.

"దొరికినాడు! ఈ పరికరానికి ఇద్దరు దుబాసీలు తయారైనారప్పా. పాతోడు ముందే లోపల కూచోనుండాడు. వానికి దీని భాష రాదు. అయినా కుర్చీ వదలడు. మనం తెచ్చిన కొత్తోన్ని లోపలికి రానీడు."

"మన ఊరి మాదిరే ఉండాది గదా," అన్నాడు చైర్మను. "మరేం జేస్తావు?"

"ఆ పాతోన్ని రానీయొద్దని ఒక పట్టీలో పేరు రాస్తాండా. వాని మీద రౌడీషీటు తెరిచినట్లే అనుకో."

చైర్మను గట్టిగా నవ్వాడు. "నా మీద తెరిచి పదేండ్లాయ. నేనేమన్నా మాన్న్యానా?"

"నువ్వు మనిషివప్పా. ఇది చెప్పినట్టు ఇంటాది."

ఒక్క వరుస కొట్టారు. వేలితో చదివారు. నా వైపు తిరిగి, "నువ్వు కూడా చదువు తల్లీ," అన్నారు. చదివాను. ఎంటర్ కొట్టి, కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టారు. తెర నల్లబడింది, తెల్లబడింది, అక్షరాలు పరిగెత్తాయి. అడాప్టరు మీద ఆవగింజంత ఆకుపచ్చ దీపం ఒకసారి మినుక్కుమంది. ఆగింది. మళ్లీ మినుక్కుమని, ఇక ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పాస్టరు గారు ప్రభువుకు స్తోత్రం అన్నారు.

కానీ అసలు పరీక్ష బడిలో. మళ్లీ బండి, మళ్లీ అరుగుల మీద జనం. కిటికీ ఊచకు కట్టి, రేకుల అవతలున్న చర్చి వైపు తోక తిప్పినప్పుడు పొద్దు ఇంకా మూరెడు ఉంది. సిగ్నలు గీతలు నాలుగింటిలో రెండు వచ్చాయి. ఆ రెండు చాలు. స్కాలర్‌షిప్పు పేజీ మెల్లగా, పైనుంచి కిందికి, తెరుచుకుంది.

"ఇంగ రేకులు?" అన్నాడు చైర్మను.

"ఉండనీప్పా. లేకుంటే ఎనుములు యాడ పండుకుంటాయి?"

ఆయన గేటు కాడి మనుషులను చూసి చెయ్యి ఊపాడు, పొమ్మని. సోమవారం సాయంత్రానికి పుట్టిళ్లకు పోయిన పిల్లలు తిరిగొచ్చారు. మంగళవారం నా హాజరు పట్టీ నిండింది. ఆ రోజు పాఠం ఏం చెప్పానో గుర్తులేదు గానీ, పిలిచిన ప్రతి పేరుకూ ఒక గొంతు పలకడం గుర్తుంది.

సారు ఆ గురువారం మాట గురించి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. దెప్పలేదు. మరచిపోయారేమో అనుకున్నాను, మరచిపోయి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. తర్వాత ఆయన రిటైరయ్యారు, నేను పులివెందులకు బదిలీ అయ్యాను. నా ఇంటి కంప్యూటరులో కూడా లినక్సే పెట్టించారు. అప్‌డేటు వచ్చినప్పుడల్లా అడాప్టరు మూగబోయేది, నేను ఫోను చేసేదాన్ని. "ఏం తల్లీ, ఎవురి మీద అనుమానం ఈ తూరి?" అని మొదలుపెట్టేవారు. ఆ మాటకు నేను నవ్వేదాన్ని, కానీ లోపల కొంచెం గుచ్చుకునేది.

జమ్మలమడుగు సమాధుల తోటకు నేను పోయేసరికి పెట్టె దించుతున్నారు. అందరితో పాటు గుప్పెడు మన్ను వేశాను. పక్కకు వచ్చి నిలబడితే, చేతికర్రతో ఒక ముసలాయన దగ్గరికొచ్చాడు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆనాటి చైర్మను.

"బాగుండావా టీచరమ్మా? మంచి మనిషి పోయినాడు."

ఏమైందో తెలియదు, ఇరవై ఏళ్లు మూసుకున్న నోరు అక్కడ తెరుచుకుంది. "అన్నా, ఆ పొద్దు రేకులు కావాలనే అడ్డం పెట్టినారని అన్నది నేను. నాకు ఏమీ తెలీకుండానే అన్న్యా," అని చెప్పేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వా? ఆ శుక్రవారం సాయంత్రం సారు ప్రొద్దుటూరు బస్సెక్కే ముందు మా ఇంటికొచ్చి, ఆ మాట జారింది నేనేనప్పా అని నా ముందర చేతులు కట్టుకోని నిలబడినాడే!" అన్నాడు. మన్ను వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు నేనాయన్ను శానా మాటలన్న్యా తల్లీ. లెక్కలు చెప్పుకునేటోనివి లెక్కలు చెప్పుకో, ఊరు తగలబెట్టొద్దన్న్యా. నా పెండ్లాం పిల్లోళ్ల ముందర అన్న్యా. తల వొంచుకోని ఇన్న్యాడే గానీ, పల్లెత్తు మాట అనల్యా."

పోయే ముందు, "ఆ రేకులు ఇంగా ఉండాయిలేమ్మా," అన్నాడు.

పులివెందులకు తిరిగొచ్చే బస్సు ఆ ఊరి మీదుగానే వస్తుంది. కిటికీ పక్క సీటు అడిగి కూర్చున్నాను. ముందు చర్చి కనిపించింది, అవతల బడి. నడుమ ఆ కొట్టం. రేకులు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. వాటి మీదికి ఎవరో బీరతీగ పాకించారు, పసుపు పూలు విచ్చుకుంటున్నాయి. నీడలో రెండు ఎనుములు పడుకుని నెమరు వేస్తున్నాయి.